నీటి మొక్కలు చెప్పే సాక్ష్యం

నదీజలాలు నిర్మలంగా ఉన్నవో లేవో నిర్ధారించవలసింది ప్రయోగశాలే. అయితే ఆ పరీక్షకు ముందే నీటి స్థితిని సూచించే సాక్షులు ప్రతి చెరువులోను, ప్రతి వాగులోను ఉన్నాయి. అవే నీటి మొక్కలు. అవి మాలిన్యాన్ని కొంతవరకు గ్రహిస్తాయి. తమ పెరుగుదల ద్వారా, క్షీణత ద్వారా నీటి గుణాన్ని వెల్లడిస్తాయి.

దక్షిణ బస్తర్‌లోని చింతలనార్ వంటి గ్రామాలకు ఇది కేవలం శాస్త్ర విషయం కాదు. ‘నార్’ అంటే గోండీలో ఊరు. ‘చింతల’ తెలుగువారికి చిరపరిచితమైన మాట. నేడు సుక్మా జిల్లాలో ఉన్న ఈ అటవీసీమ వాగులు చివరకు గోదావరినే చేరుతాయి. ఇక్కడికి ఉత్తరాన ఉన్న బైలాడిలా కొండలలో 1968 నుండి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. సన్నని ఖనిజపు మట్టి కలిసి ఎర్రబారే శంఖినీ నది, దంతెవాడలో దంతేశ్వరీ ఆలయ సమీపాన డంకినితో కూడి, ఇంద్రావతి ద్వారా గోదావరిలో ప్రవేశిస్తుంది.

నీటి అడుగున పెరిగే నాచు జాతులకు సూర్యరశ్మి అత్యవసరం. మట్టి తేలాడే నీటిలో వెలుతురు లోతుకు చేరదు. ఆకులపై పొర పేరుకుంటుంది. అందుచేత ముందుగా నశించేవి ఇవే. వాటి చాటున పెరిగే చేపపిల్లలకు ఆశ్రయం, చేపలపై ఆధారపడిన కుటుంబాలకు ఆహారం తగ్గిపోతాయి.

మురుగునీరు, ఎరువులు చేరినచోట పరిస్థితి ఇందుకు భిన్నం. నత్రజని, భాస్వరం అధికమై గుర్రపు డెక్క, అంతర తామర నీటిని కప్పివేస్తాయి. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సు కూడా గుర్రపు డెక్క బెడదకు గురైనదే. పచ్చదనమంతా ఆరోగ్య చిహ్నం కాదు. ఆ కప్పు కింద ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోవచ్చు.

అదే గుర్రపు డెక్క శుద్ధికీ తోడ్పడుతుంది. దాని దట్టమైన వేళ్లు తేలాడే మలినాన్ని పట్టి నిలుపుతాయి. వేళ్లపై నివసించే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలు అధికభాగం వేళ్లలోనే నిలిచిపోతాయి. జమ్ము వంటి మొక్కల వేళ్లు వెలువరించే ప్రాణవాయువు వలన నీటిలో కరిగిన ఇనుము తుప్పుగా మారి వేళ్లకు అంటుకుంటుంది.

కాని మొక్క లోహాన్ని నాశనం చేయదు, దాచి ఉంచుతుంది. అది అక్కడే కుళ్లితే ఆ విషం తిరిగి నీటిలోనికి, బురదలోనికి చేరుతుంది. కావున మొక్కలను సకాలంలో తొలగించాలి. లోహాలను పీల్చుకొన్న మొక్కలను పశువులకు మేతగా గాని, పొలాలకు ఎరువుగా గాని వాడరాదు.

ఈ సాక్ష్యానికీ పరిమితులున్నాయి. నాచు పెరిగినంత మాత్రాన నీరు త్రాగుటకు యోగ్యమని చెప్పలేము. వ్యాధికారక క్రిములను పరీక్ష ద్వారానే తెలుసుకోవాలి. అయినా ఏ రేవులో ఏ మొక్క తగ్గుతున్నదో, ఏది ప్రబలుతున్నదో ఋతువుల వారీగా గ్రామస్థులు గుర్తించి తెలిపితే, ఎక్కడ పరీక్షించాలో అధికారులకు తెలుస్తుంది. మాలిన్యాన్ని పుట్టినచోటనే ఆపడం మానవుని బాధ్యత. ఆ భారాన్ని మొక్కలపై మోపరాదు.