మెట్ట తాబేలును నూతిలో వేయరాదు
అన్నం, పాలు పెట్టినా కీడే

శ్రీకాకుళం: శ్రీకూర్మంలో కూర్మనాథుని దర్శించుకున్నవారు ఆలయ ప్రాంగణంలోని నక్షత్ర తాబేళ్లనూ చూడకుండా రారు. నల్లని డిప్పపై పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకోవడం వల్లే వీటికా పేరు. తాబేలు ఇంట ఉంటే కలిసి వస్తుందని నమ్మేవారూ ఉన్నారు. అయితే తెలియక చేసే సేవే ఈ మూగజీవి ప్రాణం మీదికి తెస్తుంది.

ముఖ్యంగా ఇది మెట్ట ప్రాణి. చెరువు తాబేలుకు కాలి వేళ్ల నడుమ పొర ఉంటుంది కనుక ఈదగలదు. నక్షత్ర తాబేలు కాళ్లు ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉంటాయి. దీనికి ఈత రాదు. పుణ్యమని నూతిలో వదిలితే మునిగి చస్తుంది.

గడ్డే దీని భోజనం

గరిక వంటి పచ్చగడ్డి, ఆకులు, పూలు దీని ఆహారం. మందార ఆకు, పువ్వు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట తింటుంది. పండ్లు ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. అన్నం, పాలు, రొట్టె, మాంసం పెట్టరాదు. సున్నపు ధాతువు చాలక, ఎండ తగలక పెరిగితే డిప్ప మెత్తబడుతుంది, గుబ్బలు తేలుతుంది. గంప కింద బోర్లించి ఉంచడం శిక్షే. ఉదయపు ఎండ, పక్కనే నీడ, లోతులేని పళ్లెంలో నీరు అవసరం.

డిప్ప పైతొడుగు కాదు. వెన్నెముక, పక్కటెముకలతో కలిసిపోయిన ఎముక. దానికి కన్నం పెట్టి తాడు కడితే గాయమే.

పెంచితే జైలు

ఇంత చెప్పినా, ఇంట పెంచడానికి చట్టం ఒప్పుకోదు. విదేశాల్లో పెంపకానికి దొంగచాటుగా తరలించడం వల్ల ఈ జాతికి ముప్పు వచ్చింది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇది మొదటి షెడ్యూలులో చేరింది. పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

చేలో కనిపిస్తే దాని దారిన పోనివ్వాలి. రోడ్డు మీద ఉంటే అది వెళ్లే వైపే దాటించాలి. గాయపడితే గోనె పరిచిన గంపలో ఉంచి అటవీశాఖ వారికి కబురు చేయాలి. ఇప్పటికే ఇంట ఉంటే వారికి అప్పగించడమే మేలు. శ్రీకూర్మం వెళ్లేవారూ చేతిలో ఉన్నది విసరక, ఆలయ సిబ్బందిని అడిగి మేత పెట్టడం మంచిది.