హద్దును కొలుచు యంత్రము: రోబోటిక్ టోటల్ స్టేషన్‌ను ఎన్నుకొనుట ఎట్లు?

హద్దు, సరిహద్దు, నక్షా, రకబా, అమీను – ఈ మాటలు అరబ్బీ, పారసీ భాషలలో పుట్టి, ఉర్దూ పలుకుబడి గుండా మన పల్లెలకు వచ్చి, తెలుగు మాటలలో తెలుగు మాటలై కలిసిపోయినవి. ఉర్దూ మాటలాడు రైతుకును, తెలుగు మాటలాడు రైతుకును పొలము గట్టుమీద భాష ఒక్కటే. తగాదా కూడ ఒక్కటే. మన ప్రాంతమున గుంట యనగా 33 అడుగుల చదరము, అనగా 121 చదరపు గజములు. నలుబది గుంటలు కలిసి ఒక ఎకరము. నూరు మీటర్ల పొడవు గల గట్టు ఒక్క మీటరు ప్రక్కకు జరిగినచో నూరు చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు ఒక గుంట భూమి, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవును. రెండెకరముల రైతుకు గుంట భూమి చిన్నది కాదు. కావున కొలుచు యంత్రమును ఎన్నుకొనుట అంగడిలో వస్తువును ఎన్నుకొనుట వంటిది కాదు. అది పొరుగువారి నడుమ న్యాయమునకు సంబంధించిన విషయము.

తెలంగాణలో 2025లో భూభారతి చట్టము అమలులోనికి వచ్చిన పిదప లైసెన్సు సర్వేయర్ల అవసరము పెరిగినది. డిప్లొమా ముగించిన యువకులు పలువురు అప్పు చేసియైనను యంత్రమును కొని, సొంతముగా పని చేయదలచుచున్నారు. అట్టివారికి ఉపకరించునని ఈ నాలుగు మాటలు వ్రాయబడుచున్నవి.

మొదట ఈ యంత్రము ఏమిటో తెలిసికొనవలెను. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపమున ఆధార రేఖను కొలిచి భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు నాంది పలికినప్పుడు, ఆయన కోణములను కొలిచిన థియోడలైట్ బరువు ఇంచుమించు అర టన్ను. దానిని మోయుటకు కూలీల జట్టు కావలసి వచ్చెను. దూరమునకు గొలుసు, కోణమునకు థియోడలైట్ – చిరకాలము ఈ రెండును వేరువేరు పనిముట్లుగనే ఉండెను. ఇరువదవ శతాబ్దమున కాంతి తరంగములతో దూరమును కొలుచు సాధనము వచ్చినది. ఆ సాధనమును థియోడలైట్‌లో ఇమిడ్చి, లెక్కలను కూడ దానికే అప్పగింపగా టోటల్ స్టేషన్ అయినది. స్వీడన్ దేశపు జియోడిమీటర్ సిస్టమ్ 4000 అను యంత్రము 1990లో వెలువడినది. రోబోటిక్ టోటల్ స్టేషన్లలో అదియే మొదటిదిగా పేరొందినది.

సాధారణ టోటల్ స్టేషన్‌లో ఒకరు దుర్భిణిలో చూచి గురిపెట్టవలెను. మరియొకరు కర్రకు బిగించిన ప్రిజమ్‌ను పట్టుకొని నిలువవలెను. రోబోటిక్ యంత్రమున మోటార్లు దుర్భిణిని త్రిప్పును. లోపలినుండి వెలువడిన కాంతి ప్రిజమ్‌ను తాకి మరలిరాగా, ఒక గ్రాహకము దాని స్థానమును గుర్తించి, ప్రిజమ్ కదలిన దిక్కుకెల్ల యంత్రమును మరలించును. సర్వేయరు ప్రిజమ్‌తో నడచుచు, చేతనున్న కంట్రోలర్ ద్వారా రేడియో సంకేతములతో యంత్రమునకు ఆజ్ఞలిచ్చును. ఇద్దరి పనిని ఒక్కరు చేయగలుగుదురు. ముఖ్యముగా లే అవుట్ గుర్తులు వేయునప్పుడు "కొంచెము కుడికి, కొంచెము ఎడమకు" అను కేకలు తప్పిపోవును. గుర్తు ఎచటనో ప్రిజమ్ పట్టినవానికే తెరమీద కనబడును.

ఇక మొదటి ప్రశ్న: ఇది నీ పనికి అవసరమా? చెట్లు, మేడలు లేని బయలు పొలములలో ఉపగ్రహ సంకేతములను అందుకొను రోవర్ ఒకటి రెండు సెంటీమీటర్ల ఖచ్చితత్వముతో త్వరగా పని ముగించును. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోన్లను, ఇట్టి రోవర్లను వినియోగించుటకు కారణమిదియే. అయితే మామిడితోటలో, ఇరుకు బస్తీలో, ఎత్తైన గోడల ప్రక్కన, సొరంగమున ఆకాశము సరిగా కనబడదు. అచట టోటల్ స్టేషన్‌యే శరణ్యము. భవనముల పునాదులు, వంతెనలు, ఆనకట్టల కదలికలు మొదలైన మిల్లీమీటర్ల పనులకును అదియే తగినది. దినదినము వందలకొలది బిందువులను గుర్తించు పని ఉన్నచో రోబోటిక్ యంత్రము తన వెలను తానే తీర్చుకొనును. నెలకు నాలుగు పొలములు కొలుచువానికి సాధారణ టోటల్ స్టేషన్, ఒక సహాయకుడు చాలును. రోబోటిక్ యంత్రపు వెల దానికి పలురెట్లు ఉండునని మరువరాదు. రద్దీ వీథిలో యంత్రమును ఒంటరిగా విడిచి ప్రిజమ్‌తో దూరముగా పోవుట క్షేమము కాదు గనుక, అచట ఎట్లును రెండవ మనిషి కావలెను.

రెండవది ఖచ్చితత్వము. అమ్మకపు పత్రములలో 1 సెకను, 2 సెకన్లు, 5 సెకన్లు అని వ్రాసియుండును. ఇవి కోణపు కొలతలు. ఒక సెకను తేడా 200 మీటర్ల దూరమున ఇంచుమించు 1 మిల్లీమీటరు. 5 సెకన్ల తేడా అదే దూరమున 5 మిల్లీమీటర్లు. పొలము హద్దులకు 5 సెకన్ల యంత్రము ధారాళముగ చాలును. వంతెన పనికి 1 సెకను యంత్రము కావలసిరావచ్చును. దూరమునకు "2 మిల్లీమీటర్లు + 2 పి.పి.ఎం." అని ఉన్నచో, 500 మీటర్లలో 2 మిల్లీమీటర్లును, దూరమును బట్టి మరియొక మిల్లీమీటరును అని అర్థము. అవసరము లేని సెకన్లకు అప్పుచేసి వెలనిచ్చుట వివేకము కాదు.

వాస్తవమునకు సెకన్లకంటె పెద్ద తప్పులు వేరుచోట దాగియుండును. గాలి ఉష్ణోగ్రతను 10 డిగ్రీలు తప్పుగా నమోదు చేసినచో కిలోమీటరు దూరమున ఇంచుమించు 10 మిల్లీమీటర్ల తేడా వచ్చును. మన మే నెల మధ్యాహ్నమున నేలనుండి లేచు వేడిగాలికి గురియే అల్లలాడును. ఉదయపు వేళ మేలు. ప్రతి ప్రిజమ్‌కు ఒక స్థిరాంకము ఉండును. అది ఒక్కొక్క తయారీకి ఒక్కొక్క విధముగా ఉండును. దానిని 30 మిల్లీమీటర్లు తప్పుగా ఇచ్చి, స్థలము నడుమ యంత్రమును నిలిపి ఇరువైపుల గోడలను కొలిచినచో, ఆ స్థలపు వెడల్పులో 6 సెంటీమీటర్ల తప్పు వచ్చును. పట్టణమున రెండిండ్ల వారు కోర్టుకెక్కుటకు అంతకంటె ఎక్కువ అక్కరలేదు. నలుదిక్కులకు కనబడు 360 డిగ్రీల ప్రిజమ్ రోబోటిక్ పనికి అనుకూలమే గాని, దాని ముఖము మారిన కొలది కొన్ని మిల్లీమీటర్ల తేడా రావచ్చును. యంత్రము మన ప్రిజమ్‌ను విడిచి, మెరయు మరియొక వస్తువునో, ప్రక్కవారి ప్రిజమ్‌నో పట్టుకొను అవకాశము కూడ కలదు. కావున కొనుటకు ముందు జనసంచారము గల చోట దానిని నడిపించి చూడవలెను.

మూడవది పరీక్ష. అమ్మువాని మాటపై ఆధారపడక, కొనువాడు స్వయముగా చేయదగిన పరీక్షలు రెండు కలవు. చదునైన నేలపై ఒకే సరళరేఖలో క, చ, ట అను మూడు బిందువులను గుర్తింపుము. "క" నుండి చ, ట బిందువుల దూరములను, "చ" నుండి ట బిందువు దూరమును కొలువుము. క–చ 40.030 మీటర్లు, చ–ట 50.030 మీటర్లు, క–ట 90.030 మీటర్లు అని వచ్చినదనుకొనుము. మొదటి రెంటి మొత్తము 90.060, మూడవదానికంటె 0.030 ఎక్కువ. ఆ 30 మిల్లీమీటర్లే ప్రతి కొలతలోను దాగియున్న స్థిరమైన తప్పు. అసలు దూరము తెలియకయే తప్పు బయటపడినది! రెండవ పరీక్ష: వంద మీటర్ల దూరమున స్థిరముగా నిలిపిన ప్రిజమ్‌ను దుర్భిణి ఎడమ ముఖముతోను, కుడి ముఖముతోను చూడవలెను. అడ్డపు కోణములు రెంటికిని సరిగా 180 డిగ్రీల భేదము ఉండవలెను. దీనిని కంటితో గురిపెట్టి ఒకమారు, యంత్రము తానుగా గురిపెట్టగా మరియొకమారు చేయవలెను. ఏలయన స్వయంచాలక గురికి వేరొక అక్షము కలదు; కంటిగురి సరిగా ఉండి, యంత్రపు గురి తప్పియుండవచ్చును. ఈ పరీక్షలను సవివరముగా చేయదలచువారికి ఐ.ఎస్.ఓ. 17123 ప్రమాణములు మార్గదర్శకములు.

నాలుగవది కొన్న తరువాతి సంగతి. మరమ్మతు కేంద్రము మన రాష్ట్రమున ఉన్నదా? యంత్రము మరమ్మతులో ఉన్నంతకాలము బదులు యంత్రమిత్తురా? కంట్రోలర్‌లోని సాఫ్ట్‌వేర్ వెలలో చేరినదా, ఏటేట రుసుము కట్టవలెనా? కొలతల ఫైలు నీవు వాడు నక్షా ప్రోగ్రాములో తెరచుకొనునా? మోటార్లకు విద్యుత్తు ఎక్కువ కావలెను గనుక అదనపు బ్యాటరీలు ఎన్ని? పాత యంత్రమైనచో దాని విడిభాగములు ఇంకను దొరకునా? లైకా, ట్రింబుల్, టాప్‌కాన్, సోకియా – పేరేదైనను ఈ ప్రశ్నలకు జవాబు వ్రాతపూర్వకముగా పొందవలెను. వీలైనచో మొదట ఒక వారము అద్దెకు తెచ్చి, నీ పనిలోనే నడిపి చూడుము. ట్రైపాడ్ వదులుగా నున్నచో ఎంత విలువైన యంత్రమైనను వ్యర్థమే. అచట పొదుపు చేయరాదు.

తుదకు ఒక మాట. ఏ యంత్రమైనను రెండు బిందువుల నడుమ దూరమును, కోణమును మాత్రమే చెప్పును. ఏ రాయి అసలు హద్దురాయియో, ఏ గట్టు తరువాత జరిగినదో దానికి తెలియదు. అది టీపన్ చూచి, పాత రాళ్ళను వెదకి, ఇరుగుపొరుగు వృద్ధులను విచారించి సర్వేయరు తేల్చవలసిన విషయము. రోబోటిక్ యంత్రము వలన సహాయకుడు తగ్గవచ్చును గాని సాక్షి తగ్గరాదు. ఇరుపక్షముల రైతులను పిలిచి, పని ఆరంభమున చూచిన ఆధార బిందువునే ముగింపున మరల చూచి, ఆ రెండు కొలతలు కలిసినవని వారికి చూపవలెను. తన తప్పును తానే పట్టుకొనుటకు వీలిచ్చు యంత్రమును, ఆ తప్పును అందరి ఎదుట సరిచూపు అలవాటును ఎన్నుకొన్నవాడే మంచి సర్వేయరు. అట్టివాడు పాతిన రాయిని ఉభయులును ఒప్పుకొందురు. గట్టుకు ఇరువైపుల వారి పిల్లలు తగాదా లేక పంట పండించుకొందురు.