గాలిలో నాలుగున్నర చుట్లు

విద్యార్థులూ! మీ తరగతి గదిలో సీలింగ్ ఫ్యాను ఉందా? ఉంటే దాన్ని పూర్తి వేగంలో పెట్టి ఒకసారి తలెత్తి చూడండి. రెక్కలు విడివిడిగా కనిపించవు. నిమిషానికి సుమారు 350 నుంచి 380 చుట్లు తిరుగుతూ ఉంటుందది. ఇప్పుడు ఆ ఫ్యాను స్థానంలో ఒక మనిషిని ఊహించుకోండి. అతని బూట్ల కింద ఉక్కు బ్లేడ్లు, వాటి కింద మంచు. అతడు గాలిలోకి ఎగిరి, మీ ఫ్యాను కంటే కాస్త ఎక్కువ వేగంతోనే తిరిగి, ఒంటికాలి మీద వెనక్కి జారుతూ దిగాలి.

2022 ఫిబ్రవరి 10న బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన యుజురు హన్యూ ఈ పని చేయబోయి కింద పడ్డాడు. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడతడు. బాగా అలవాటైన గెంతులతోనే సరిపెట్టుకుంటే పతకానికి మెరుగైన అవకాశం ఉండేది. ఎందుకు సరిపెట్టుకోలేదు? ఎందుకు పడ్డాడు? రెండో ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రంలో ఉంది. మొదటిదానికి అతని కథ వినాలి.

ముందు ఈ ఆట సంగతి చూద్దాం. మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో మంచుగడ్డ అంటే చెరుకురసం బండి మీద గోనెసంచిలో చుట్టి పెట్టినదే. సంక్రాంతి చలికి కూడా మన చెరువులు గడ్డకట్టవు. జపాన్‌లోనూ ఈ ఆట ఎక్కువగా ఆడేది చెరువుల మీద కాదు, పెద్ద హాళ్లలో. నేలలో గొట్టాలు పరచి, వాటిలో బాగా చల్లబరచిన ద్రవాన్ని పారిస్తారు. దాని మీద నీళ్లు పొరలు పొరలుగా చల్లి కొన్ని సెంటీమీటర్ల మందాన గడ్డకట్టిస్తారు. దీన్ని రింకు అంటారు. సంగీతానికి తగ్గట్టు దాని మీద జారుతూ, సుడులు తిరుగుతూ, గెంతుతూ చేసే ప్రదర్శనకు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. అదే ఫిగర్ స్కేటింగ్.

మంచు ఎందుకు జారుతుంది? సన్నని బ్లేడు కింద పీడనం ఎక్కువై మంచు కరుగుతుందని, ఆ నీటి పొర మీద మనిషి జారతాడని మేము చదువుకున్నాం. నేను కూడా చాలా ఏళ్లు అలాగే పాఠం చెప్పాను. లెక్క వేసి చూస్తే అది నిలవదు. ఒక వాతావరణ పీడనం పెరిగితే మంచు ద్రవీభవన స్థానం డిగ్రీలో నూరో వంతు కూడా తగ్గదు. బ్లేడు కింద 50 వాతావరణాల పీడనం ఉందనుకున్నా అర డిగ్రీ తగ్గదు. రింకులోని మంచేమో సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు దిగువనే ఉంటుంది! అసలు సంగతేమిటంటే, మంచు పైపొరలోని అణువులకు పైనుంచి పట్టుకునేవి లేక అవి సడలి, ఇంచుమించు ద్రవంలా ప్రవర్తిస్తాయి. మైఖేల్ ఫారడే 1850లోనే ఇలాంటి పొర ఉండవచ్చన్నాడు. దానికి బ్లేడు ఘర్షణ వల్ల పుట్టే వేడి తోడవుతుంది.

మంచు లేని చోట ఈ ఆట లేదనుకోకండి. మన హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా ఇవే సుడులు, ఇవే గెంతులు చక్రాల బూట్లతో చేశాడు. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో ఒక కాంస్యం, అవని పాంచాల్‌తో కలిసి జంటల విభాగంలో మరో కాంస్యం గెలిచాడు. 2015 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. చక్రాలైనా బ్లేడైనా, పాదం నేలను వదిలాక నియమాలు ఒకటే.

ఇక హన్యూ. 1994 డిసెంబరులో సెందాయ్ నగరంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అక్క వెంట రింకుకు వెళ్లి, నాలుగేళ్ల వయసులో తానూ మొదలుపెట్టాడు. 2011 మార్చి 11న, పదహారేళ్లప్పుడు, సెందాయ్ రింకులో సాధన చేస్తుండగా తూర్పు జపాన్ మహా భూకంపం వచ్చింది. కాళ్లకు స్కేట్లతోనే బయటికి పరుగెత్తాడు. కుటుంబంతో కొన్ని రోజులు సహాయ శిబిరంలో తలదాచుకున్నాడు. రింకు నెలల తరబడి మూతపడింది. సాధనకు మంచు ఏది? ఊరూరా జరిగే మంచు ప్రదర్శనల్లో పాల్గొంటూ, ఆ హాళ్లలోనే ఆటకు ముందూ వెనకా సాధన చేసుకున్నాడు. అలా ఆ ఏడాది సుమారు 60 ప్రదర్శనలు! 2012లో శిక్షణకు కెనడా వెళ్లాడు. 2014లో సోచి ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. పురుషుల సింగిల్స్‌లో ఆసియా ఖండానికి అదే మొదటి స్వర్ణం. 2017 నవంబరులో సాధన చేస్తూ కుడి చీలమండ గాయపరచుకున్నాడు. మూడు నెలలకే, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో మళ్లీ స్వర్ణం. వరుసగా రెండుసార్లు గెలవడం 1948, 1952లలో అమెరికాకు చెందిన డిక్ బటన్ తరువాత మళ్లీ ఇతనికే సాధ్యమైంది.

ఇంక గెలవడానికేముంది? ఒకటి ఉంది. నాలుగు చుట్ల ఆక్సెల్. పోటీలో దాన్ని అప్పటికి ఎవరూ సాధించలేదు.

ఆక్సెల్ పాల్సెన్ అనే నార్వే దేశస్థుడు 1882లో చేసి చూపిన గెంతు ఇది. మిగతా గెంతులన్నీ వెనక్కి జారుతూ మొదలవుతాయి. ఇదొక్కటే ముందుకు చూస్తూ మొదలవుతుంది. దిగడం మాత్రం అన్నిటిలాగే వెనక్కే. కాబట్టి అరచుట్టు అదనం. నాలుగు చుట్ల ఆక్సెల్ అంటే నాలుగున్నర చుట్లన్నమాట.

పెన్సిల్ తీయండి. మేటి స్కేటరు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు ఎగురుతాడనుకుందాం. అంత ఎత్తు నుంచి పడడానికి పట్టే కాలం 2h/g కు వర్గమూలం, అంటే 0.35 సెకను. ఎగరడానికీ అంతే. మొత్తం 0.7 సెకను. నాలుగున్నరను 0.7 తో భాగిస్తే సెకనుకు 6.4 చుట్లు, నిమిషానికి దాదాపు 386. ఫ్యాను పోలిక ఇందుకే తెచ్చాను. (కొంత తిరగడం మంచు మీదే మొదలవుతుంది. లెక్క సులువు కోసం దాన్ని వదిలేశాను.) వేగం పెంచకుండా, నాలుగు చుట్ల వేగంతోనే అదనపు అరచుట్టు తిరగాలంటే గాలిలో ఉండే కాలం ఎనిమిదికి తొమ్మిది వంతున పెరగాలి. ఎత్తు కాలం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 సెంటీమీటర్లు కాస్తా 76 అవుతాయి. నిలబడ్డ చోట నుంచి ఒకసారి ఎగిరి గోడ మీద సుద్దముక్కతో గీత గీసి చూడండి, ఆ 16 సెంటీమీటర్ల విలువ మీకే తెలుస్తుంది.

పోనీ గాలిలోకి లేచాక వేగం తెచ్చుకోవచ్చా? తోసుకోవడానికి అక్కడ ఏ ఆధారమూ లేదు. మంచును వదిలేటప్పుడు ఎంత కోణీయ ద్రవ్యవేగం ఉందో దిగేదాకా అంతే. మార్చగలిగేది జడత్వ భ్రామకాన్ని మాత్రమే. ద్రవ్యరాశి అక్షానికి ఎంత దగ్గరైతే అది అంత తగ్గుతుంది, అదీ దూరం వర్గంతో. అక్షానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అరచేతిని 15 సెంటీమీటర్లకు లాక్కుంటే, ఆ చేతి వంతు పదహారో భాగానికి పడిపోతుంది. అందుకే స్కేటరు చేతులు ఛాతీకి హత్తుకుని, కాళ్లు పెనవేసుకుని సన్నని కర్రలా మారిపోతాడు.

దీన్ని చూపడానికి మా బడి ఆఫీసు గదిలోని తిరుగుడు కుర్చీ అడిగి తెచ్చుకునేవాణ్ణి. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, చాచిన చేతుల్లో చెరో ఇటుక పెట్టి, మెల్లగా తిప్పి, చేతులు దగ్గరికి లాక్కోమన్నాను ఒకసారి. గిర్రున తిరిగి కుర్చీతో సహా పడబోయాడు. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మీరు ఇటుకలు వద్దు, లావుపాటి పుస్తకాలు వాడండి. పక్కన ఒకరు నిలబడండి.

హన్యూను ఎవరు పట్టుకుంటారు? దిగేముందు చేతులు చాచి వేగం తగ్గించుకోవాలి. దానికీ ఆ 0.7 సెకనులోనే కొంత పోతుంది. దిగేటప్పుడు శరీర బరువుకు అయిదారు రెట్ల బలం ఒక్క కుడి చీలమండ మీద పడుతుంది. ఆ గాయపడిన కాలి మీదే.

బీజింగ్‌లో మొదటి రోజు అతని బ్లేడు మంచులోని ఒక గుంటలో చిక్కి ఒక గెంతు చెడింది. ఎనిమిదో స్థానం. రెండో రోజు మొదటి గెంతే ఆక్సెల్. పైకి లేచాడు, తిరిగాడు, కొద్దిపాటి చుట్టు మిగిలి ఉండగానే మంచు తగిలింది. పడ్డాడు. లేచి మిగతా ప్రదర్శన పూర్తి చేశాడు. చుట్టు తక్కువైందని మార్కులు తగ్గించినా, న్యాయనిర్ణేతలు దాన్ని పట్టికలో నాలుగు చుట్ల ఆక్సెల్‌గానే నమోదు చేశారు. అలా నమోదైనది అదే మొదటిది. అతనికి చివరికి దక్కింది నాలుగో స్థానం. నాకడిగితే ఆ పట్టికలో ఆ ఒక్క వరుస పతకానికి తక్కువేమీ కాదు.

2022 జులై 19న పోటీల నుంచి తప్పుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో పదిహేడేళ్ల ఇలియా మలినిన్ నాలుగు చుట్ల ఆక్సెల్‌ను పడకుండా పూర్తిచేశాడు. ప్రయత్నించడానికి హన్యూయే ప్రేరణ అని చెప్పాడు. 2023 మార్చిలో, భూకంపం వచ్చిన తేదీ దగ్గర పడగా, సెందాయ్ పక్కనే ఉన్న రిఫు పట్టణంలో హన్యూ ఒక మంచు ప్రదర్శన ఏర్పాటు చేశాడు. 2011లో మృతదేహాలను ఉంచిన హాలు అది.