వేరులో మొదలై ఆకులో ముగిసే కబురు

కాయను మాగబెట్టే ఇథిలీన్‌కు మునిగిన చేలో వేరే పని ఉంది

ఎడిటర్ గారు అడిగింది సీతాఫలాల కథ. కామారెడ్డి, ఎల్లారెడ్డి అడవుల నుంచి గంపలు దిగే కాలం కదా, కాయ ఎలా మాగుతుందో రాయమన్నారు. శుక్రవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. మాగడం వెనక ఉన్నది ఇథిలీన్ అనే వాయువు. దాని పుట్టుక కోసం వెతుకుతూ 1980 నాటి ఒక పరిశోధన పత్రం దగ్గర ఆగిపోయాను. అందులో ఉన్నది పండు గురించి కాదు, నీట మునిగిన టమాటా వేళ్ల గురించి.

2025 ఆగస్టు 27, 28 తేదీలను కామారెడ్డి జిల్లా మరిచిపోదు. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి వైపు పోచారం జలాశయం పొంగిపొర్లింది. వరి, మక్క, పత్తి, సోయా చేలు జాలు పట్టాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మొక్క, దప్పికైనట్టు ఆకులు ఎందుకు వాలుస్తుంది?

ఇథిలీన్‌ను మొక్క మూడు మెట్లలో చేసుకుంటుంది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మొదటి ఎంజైము ఎస్-ఎడినోసిల్ మెథియోనిన్‌గా మారుస్తుంది. రెండోది, ఏసీసీ సింథేజ్, దాన్నుంచి ఏసీసీ అనే చిన్న అణువును తీస్తుంది. మూడోది ఏసీసీ ఆక్సిడేజ్. ఇనుము, విటమిన్ సి తోడు చేసుకుని ఏసీసీని ఇథిలీన్ చేసేది ఇదే. దీనికి ఆక్సిజన్ ఉండి తీరాలి. ఈ మెట్టులో కొంచెం సైనైడ్ కూడా పుడుతుంది. మొక్క దాన్ని ఎప్పటికప్పుడు మరో ఎంజైముతో విరిచేస్తుంది.

ఆ 1980 పత్రం రాసిన బ్రాడ్‌ఫర్డ్, యాంగ్ కాలిఫోర్నియాలోని డేవిస్‌లో చూసింది ఈ మెట్ల దగ్గరే. వేళ్లు మునిగితే మట్టిలో గాలి ఉండదు. రెండో మెట్టు పని జోరందుకుంటుంది, మూడోది ఆగిపోతుంది. మిగిలిపోయిన ఏసీసీ నీటితోపాటు నాళాల్లో పైకెక్కుతుంది. పత్రంలో నన్ను కట్టిపడేసింది ఆ వరస: ముందు కాండం రసంలో ఏసీసీ పెరిగింది, ఆ తర్వాతే పైభాగంలో ఇథిలీన్ పెరిగింది, కాడలు వంగాయి. ఆకుకు గాలి కొదవ లేదు కాబట్టి వేరు వదిలేసిన పనిని ఆకు ముగించింది. కాడ పైవైపు కణాలు కిందివైపు వాటికంటే ఎక్కువ సాగితే కాడ నేలవైపు తిరుగుతుంది. ఇది వాడిపోవడం కాదు, ఒక వైపే పెరగడం.

మక్క వేరు దారి వేరు. గాలి తగ్గిన వేరులో ఇథిలీన్ కొన్ని కణాలను చంపి, గాలి ఆడే ఖాళీలను తెరుస్తుంది.

ఇక చరిత్ర, గబగబా. 1901లో రష్యాలో నెల్యుబోవ్ దీపాల గ్యాసులోని ఇథిలీనే బఠాణీ మొలకలను వంకర తిప్పుతోందని తేల్చాడు. ఆపిల్ పండే దీన్ని వదులుతుందని 1934లో గేన్ రుజువు చేశాడు. 1979లో ఆడమ్స్, యాంగ్ ఏసీసీని పట్టుకున్నారు. ఆక్సిడేజ్ జన్యువు గుట్టు 1990, 1991లలో టమాటాలోనే విడింది.

వరద తీయగానే ఊళ్లలోకి దిగే మందు సీసాల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఒక్కదానికి మాత్రం లెక్క కుదిరింది. పత్తి ఉన్నట్టుండి వడలిపోయే పారావిల్ట్‌కు లీటరు నీటిలో 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ కలిపి కొట్టమని శాస్త్రవేత్తలు చెబుతారు. కోబాల్ట్ అడ్డుకునేది సరిగ్గా ఆ మూడో ఎంజైమునే. అయితే లక్షణం కనబడ్డ గంటల్లోనే కొట్టాలి. పైగా అది ఆకులో జరిగేదాన్ని ఆపుతుందే తప్ప వేరుకు ఊపిరి పోయదు. అందుకే ముందు గెట్టు తెంపి నీళ్లు తీసేయాలి, మందు సంగతి తర్వాత.

సీతాఫలం మాటేమిటి?

కళ్లు తెరిచిన కాయను గడ్డిలో పెడితే అది వదిలే ఇథిలీన్ అక్కడే నిలిచి, మాగడాన్ని తొందర చేస్తుంది. కాయలు మాగబెట్టడానికి కొందరు వాడే కార్బైడ్ నుంచి వచ్చేది ఎసిటిలీన్. ఇథిలీన్‌ను అనుకరిస్తుంది, వెంట ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలను తెస్తుంది. కార్బైడ్ వాడకంపై నిషేధం ఉంది. 2015లో హైదరాబాద్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడుకోవచ్చు.

మునకను తట్టుకునే స్వర్ణ

మునిగిన వరిలో ఇథిలీన్ బయటికి పోలేక పేరుకుంటుంది. మామూలు రకాలు ఆ ఊపులో సాగి సాగి బలం ఖర్చు చేసుకుంటాయి. ఒడిశా దేశవాళీ రకం నుంచి వచ్చిన సబ్1ఏ జన్యువు అదే ఇథిలీన్‌తో మేల్కొని ఎదుగుదలను పట్టి ఉంచుతుంది. మార్టేరులో పుట్టిన స్వర్ణకు దీన్ని చేర్చిన స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా తేరుకోగలదు.