నమ్మకానికీ రంగుంది

ఇల్లు అద్దెకి అడిగితే మన పట్నాల్లో ముందు ఎదురొచ్చే ప్రశ్న "మీరేవిట్లు?" అంత సూటిగా అడగలేనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు. పేరు తెలిశాక ఇల్లు ఖాళీ లేదంటారు. ఇది పాతకాలపు జబ్బనీ, మార్కెట్టూ కంప్యూటరూ వస్తే దానంతటదే పోతుందనీ చెప్పేవాళ్లు అమెరికా అనుభవం చూడాలని మేం అంటున్నాం.

అక్కడ 2008లో మొదలైన ఎయిర్‌బిఎన్‌బి ద్వారా ఎవరైనా తమ గదినో ఇంటినో ముక్కూమొహం తెలియనివాళ్లకి కొన్ని రోజులు అద్దెకివ్వొచ్చు. మరి తెలియనివాళ్లని నమ్మేదెలా? పేరూ, ఫోటో చూసి. 2015లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు ఈ నమ్మకాన్నే పరీక్షకి పెట్టారు. ఐదు నగరాల్లో సుమారు 6,400 మంది ఇళ్లవాళ్లకి ఒకే విన్నపం పంపారు. తేడా పేరులోనే. తెల్లవాళ్ల పేర్లకి 50 శాతం మంది సరేనంటే, నల్లజాతి పేర్లకి 42 శాతం మందే సరేనన్నారు. భయం వల్ల అనుకుందామా అంటే, యజమాని ఉండని ఇళ్లలోనూ ఇదే తేడా.

హోటళ్లలో వర్ణవివక్షని 1964 పౌరహక్కుల చట్టం నిషేధించింది. కానీ యజమాని తానుంటూ ఐదు గదులకి మించకుండా అద్దెకిచ్చే ఇంటిని ఆ నిషేధం నుంచి మినహాయించింది. "నా ఇల్లు, నా ఇష్టం" అనడానికి సందు అక్కడే దొరికింది. విమర్శలు పెరిగాక, 2018లో కంపెనీ యజమాని ఒప్పుకునేదాకా ఫోటో కనపడకుండా చేసింది. పేరు మాత్రం కనపడుతూనే ఉంది. 2022లో ఒక్క ఆరెగాన్ రాష్ట్రం వాళ్లకి పేరు బదులు మొదటి అక్షరం చూపడం మొదలుపెట్టింది.

మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర వివక్ష కూడదంది. అద్దె ఇంటి గడప పేరు అందులో లేదు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. అక్కడా దళితులకీ, వాళ్లకన్నా ఎక్కువగా ముస్లింలకీ నిరాకరణే ఎదురైంది.

కాదన్నవాడు కారణం చెప్పడు. అందుకే ఒక్కరి అనుభవాన్ని "అపోహ" అని కొట్టిపారేస్తారు. ఒకే విన్నపాన్ని రెండు పేర్లతో వందల గడపలకి పంపితే కొట్టిపారేయడం కుదరదు. మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తమ పట్నాల్లో ఈ పని మొదలుపెట్టాలి. పోరాటానికి కోపం ఎంత అవసరమో లెక్కా అంతే అవసరం.