వజ్రమా? గాజుపెంకా?

తొలకరి పడిందంటే చాలు, మా పత్తికొండ చుట్టుపక్కల జనం జొన్నగిరి, తుగ్గలి చేలలో నేలచూపులు చూస్తూ తిరుగుతారు. ఎవరో ఒకరిద్దరికి వజ్రం దొరుకుతుంది. తక్కినవారు నడుంనొప్పితో ఇల్లు చేరుతారు. వైద్యంలోనూ ఇలాంటి వెదుకులాట ఉంటుందని మా చెల్లెలి జబ్బువల్ల తెలుసుకున్నాను.

అప్పుడు దానికి 26 ఏళ్లు. బడిపంతులమ్మ. ఒకనాడు కుడికన్ను మసకబారి, కొన్నివారాలకు దానంతటదే సర్దుకుంది. ఏడాది తిరక్కుండానే కాళ్లు తిమ్మిరెక్కి గడప దాటబోతూ పడిపోయింది. దిష్టి అన్నారు, వాతం అన్నారు. కర్నూలులో ఎమ్మారై తీయించాక తేలింది: మల్టిపుల్ స్క్లెరోసిస్.

కరెంటుతీగకు రబ్బరు తొడుగున్నట్టే మన నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. రోగాలతో పోరాడవలసిన రక్షక కణాలే భ్రమపడి ఆ పొరను పాడుచేస్తాయి. కాపలాకుక్క ఇంటివాళ్లనే కరిచినట్టన్నమాట!

ఇంతలో ఎవరో నాయనకు ఒక ప్రకటన చూపించారు: మూలకణాల ఇంజెక్షన్లతో నరాలు మళ్లీ మొలుస్తాయట! ఖర్చు లక్షల్లో. నాయన వేరుశనగ చేను బేరం పెట్టాడు.

"బిడ్డకంటే చేను ఎక్కువేమప్పా?" అన్నాడు. నేనేం చెప్పగలను?

ఆ కాగితం పట్టుకుని ముగ్గురమూ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం.

"పేరొకటే, పని వేరు," అన్నారాయన. "అసలు చికిత్సలో రోగి రక్తంలోంచే మూలకణాలు తీసి గడ్డకట్టించి దాస్తారు. ఘాటైన మందులతో దారితప్పిన రక్షక కణాలను తుడిచిపెట్టి, దాచినవాటిని తిరిగి ఎక్కిస్తారు. కొత్త కాపలా తయారవుతుంది. దాడి ఆగుతుందేగాని కొత్త నరాలు మొలవవు."

గ్రీసులోని థెస్సలొనీకీలో 1995లో ఈ ప్రయత్నం మొదలైంది. 2019లో వెలువడిన ఒక పరీక్షలో 110 మందిని రెండు జట్లుగా చేశారు. మార్పిడి పొందినవారిలో ముగ్గురికి, మందులు వాడినవారిలో 34 మందికి జబ్బు ముదిరింది. అయితే నేటి బలమైన కొత్త మందులన్నీ ఆ పోలికలో లేవు. పైగా ప్రాణాపాయమూ ఉంది: 2016లో ప్రకటించిన కెనడా ప్రయోగంలో 24 మందిలో ఒకరు చికిత్సవల్లే చనిపోయారు.

అంతవరకూ మాట్లాడని చెల్లెలు మెల్లగా అడిగింది: "ఆ తర్వాత నాకు పిల్లలు పుడతారా సార్?"

"కష్టం కావచ్చునమ్మా. ముందే అండాలు దాచుకునే ఏర్పాటుంది. కాని హామీ ఇవ్వలేను."

నాయన తలవంచుకున్నాడు. ప్రకటనలో ఆ మాటే లేదు మరి!

చివరికి చెల్లెలే నిర్ణయించింది. ముందు బలమైన మందు. దానికీ లొంగకపోతే మార్పిడి. మూడేళ్లయింది, మళ్లీ దాడి రాలేదు. కొంచెం కాలీడుస్తూనే బడికి వెళ్తోంది. చేను మాకే మిగిలింది, అవసరం వస్తే అమ్మడానికి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆశ చూపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఎవరి కణాలు? ముందు రక్షక కణాలను తుడిచే మందు ఇస్తారా? రక్తమూలకణాల మార్పిడి చేసే ప్రత్యేక వార్డు ఉందా? రుజువుకాని మూలకణ చికిత్సలను అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప చేయరాదని 2017 నాటి మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మా చేలలో మెరిసేదల్లా వజ్రం కాదని పసిపిల్లలకూ తెలుసు. ఇంట్లో రోగి ఉన్నప్పుడే పెద్దవాళ్లు ఆ సంగతి మరిచిపోతారు.