కొత్త పువ్వు అనే ఊరు

ఆఫ్రికా అనగానే ఏం గుర్తొస్తుంది? మండే ఎండలు, ఇసుక ఎడారులు. కానీ ఆఫ్రికాలో అన్ని చోట్లా అలా ఉండదు.

ఆఫ్రికా ఖండానికి తూర్పు వైపున ఇథియోపియా అనే దేశం ఉంది. దాని రాజధాని అడిస్ అబాబా. అక్కడ ఏడాది పొడుగునా రాత్రిపూట దుప్పటి కప్పుకోవాల్సిందే.

అంత చలి ఎందుకు?

భూమి నడుమ గీసినట్టు అనుకునే గీతను భూమధ్యరేఖ అంటారు. దాని దగ్గర ఎండ నిటారుగా పడుతుంది. అడిస్ అబాబా ఆ రేఖకు హైదరాబాదు కన్నా దగ్గరగా ఉంది. మరి అక్కడ ఎండ మండిపోవాలి కదా! కానీ మండదు. ఎందుకంటే ఆ ఊరు కొండల మీద ఉంది. సముద్రమట్టం కన్నా సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన ఊటీ కన్నా కొంచెం ఎత్తు.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, చల్లబడుతుంది. 1,000 మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే అక్కడ పగలు 20 నుంచి 25 డిగ్రీలే ఉంటుంది. నవంబరు, డిసెంబరు రాత్రుల్లో బాగా చలి వేస్తుంది.

వానలు ఎప్పుడు?

పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టి వదలదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో చిన్న వానలు పడతాయి. ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది.

వానలు తగ్గే సెప్టెంబరులోనే వాళ్ళకు కొత్త సంవత్సరం వస్తుంది. అప్పుడు కొండల నిండా పసుపు పచ్చని పూలు పూస్తాయి. ఆడపిల్లలు పూలు పట్టుకుని ఇంటింటికీ పోయి పాటలు పాడతారు. ఇంకో వింత ఏమిటంటే, వాళ్ళ సంవత్సరానికి 13 నెలలు. పదమూడో నెలకు 5 రోజులే. నాలుగేళ్ళకు ఒకసారి 6 రోజులు.

ఊరు పెట్టించింది రాణి

ఊరికి ఉత్తరాన ఎంతోటో అనే కొండ ఉంది. దాని ఎత్తు 3,000 మీటర్ల పైనే. మెనెలిక్ రాజు మొదట ఆ కొండ మీద కాపురం ఉండేవాడు. అక్కడ చలిగాలి ఎక్కువ. కొండ కింద వేడినీటి ఊటలు ఉన్నాయి. రాజు భార్య తాయితు అక్కడికి స్నానానికి వచ్చేది. ఆ చోటు ఆమెకు నచ్చింది. 1886లో అక్కడే ఇల్లు కట్టించమంది. ఆ చోటికి అడిస్ అబాబా అని పేరు పెట్టింది. అంటే కొత్త పువ్వు.

కట్టెలు అయిపోయాయి

ఊరు పెరిగింది. ఇళ్ళకు కలప కావాలి, పొయ్యికి కట్టెలు కావాలి. చుట్టూ ఉన్న అడవి అంతా నరికేశారు. కట్టెలు దొరక్క, రాజధానిని ఇంకో చోటికి మార్చాలని రాజు అనుకున్నాడు. అంతకు కొంచెం ముందే ఆస్ట్రేలియా చెట్టు ఒకటి ఆ దేశానికి వచ్చింది. అదే మన దగ్గర జామాయిల్ అని, నీలగిరి అని పిలిచే చెట్టు. అది తొందరగా పెరుగుతుంది. నరికితే మళ్ళీ చిగురు వేస్తుంది. అందరూ దాన్ని నాటారు. కట్టెల కరువు తీరింది. రాజధాని అక్కడే నిలిచింది.

కానీ జామాయిల్ నీళ్ళు ఎక్కువగా తాగుతుంది. దాని కింద గడ్డీ గాదం సరిగా పెరగవు. అందుకని పెద్ద వాన వస్తే కొండ మీది మట్టి కొట్టుకుపోతుంది.

వీపు మీద మోపు

ఎంతోటో కొండ మీద పుల్లలు, ఆకులు ఏరి అమ్ముకుని ఎందరో పేద ఆడవాళ్ళు బతికారు. అక్కడ మోపు నెత్తిన పెట్టుకోరు, వీపుకు కట్టుకుంటారు. ఒక్కో మోపు చాలా బరువు ఉంటుంది. వంగిపోయి మైళ్ళ దూరం కొండ దిగాలి. కాపలావాళ్ళు పట్టుకుంటే మోపు పోతుంది. నడుము నొప్పి మాత్రం మిగులుతుంది.

ఈ కష్టం నుంచి బయటపడాలని వారిలో కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. మగ్గం పని నేర్చుకున్నారు. శాలువాలు నేసి అమ్మారు. కొండ మీద పాతకాలపు నాటు చెట్లను మళ్ళీ పెంచే పని కూడా మొదలైంది.

రాజు కాలంలో ఊరు నిలిచింది కట్టెల వల్ల. ఆ కట్టెల బరువు మోసింది ఆడవాళ్ళు.

ఆలోచించండి: మీ ఊళ్ళో పొయ్యికి కట్టెలు ఎవరు తెస్తారు? ఎంత దూరం నడుస్తారు? ఆ బరువు తగ్గాలంటే ఏం చేయాలి?